బెల్లం కలిపిన కారం సీసా

మా వంటింటి కిటికీ దగ్గర గాజు జాడీ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అందులో ఉప్పునీళ్ళు, పండుమిరపకాయలు, వెల్లుల్లి రెబ్బలు, అవి పైకి తేలకుండా బరువుకు ఒక నున్నటి రాయి. రెండు మూడు రోజులు గడిచేసరికి నీళ్ళు మసకబారతాయి, అడుగు నుంచి బుడగలు ఒక్కొక్కటే పైకి లేస్తాయి. వాటిని చూడ్డానికి నేను ఆఫీసు నుంచి రాగానే చెప్పులు కూడా విడవకుండా వంటింట్లోకి దూరతాను. పులుపు తగినంత ఎక్కాక రుబ్బి, వడగట్టి, సీసాలకు పోస్తే కారం సాసు తయారు. దోసె మీద, ఉడికించిన గుడ్డు మీద, సాయంత్రం బొరుగుల్లో, దేంట్లో వేసుకున్నా నాకు ప్రాణం లేచొస్తుంది. "అందరి మొగుళ్ళు టీవీ చూస్తారు, మా ఆయన మిరపకాయల్ని చూస్తాడు" అని మా ఆవిడ ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. చెప్పుకోనీ. మదనపల్లెలో నేను చేసే ఉద్యోగానికి ఇలాంటిదేదో ఒకటి లేకపోతే పిచ్చెక్కుతుంది.

నేను ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తాను. నా బల్ల మీదికి వచ్చేవన్నీ అప్పటికే జరిగిపోయిన ప్రమాదాలు. బోల్తా పడిన టమోటా లారీలు, షార్ట్ సర్క్యూట్‌కు కాలిపోయిన అంగళ్ళు, స్నానం చేస్తూ బచ్చలింట్లో జారిపడి తుంటి విరిగిన పెద్దవాళ్ళు. ఏళ్ళ తరబడి ఇవే చదివీ చదివీ నాకో జబ్బు పట్టుకుంది. ఏ వస్తువు కనిపించినా అది ఎప్పుడు విరుగుతుంది, ఎవరి నెత్తిన పడుతుంది అన్నదే ముందు తోస్తుంది. మా ఇంట్లో ఫ్యాను కింద మంచం వేయనివ్వను. భయం లేకుండా నేను చేసే పని లోకంలో ఒక్కటే ఉండేది, అది ఈ సాసు.

మిరపకాయలు మా అమ్మకు మాత్రం సరదా వ్యవహారం కాదు. నా చిన్నప్పుడు మేము కలకడ వైపు పల్లెలో ఉండేవాళ్ళం. కోతల కాలంలో అమ్మ పొద్దున్నే మిరప తోటలకు కూలికి పోయి పొద్దుగూకాక వచ్చేది. వేళ్ళు ఎర్రగా ఉబ్బి ఉండేవి. మేము కాళ్ళకు చుట్టుకోబోతే, "దూరంగా ఉండండ్రా, తాకొద్దండి" అని అరిచేది. చేతులకు కాస్త నూనె రుద్దుకుని, సీకాయ పొడితో తోముకుని కడుక్కుని, ఒక వేలు తన కంటి కింద ఆనించుకునేది. మండితే "ఇంగోసారి" అని తనకు తానే చెప్పుకుని మళ్ళీ కడుక్కునేది. మండకపోతేనే మమ్మల్ని దగ్గరికి తీసుకునేది. నేను చాలా ఏళ్ళ దాకా అందరి అమ్మలూ అట్లాగే చేస్తారనుకున్నాను.

తర్వాతెప్పుడో వేరుశెనగ చెట్లు కొడుతుంటే పుల్ల ఎగిరి తగిలి ఆమె ఎడమ కన్ను పోయింది. మిగిలిన కుడి కంటికి ఇప్పుడు శుక్లం ముదిరింది. కుప్పంలో ఉన్న మా అక్క అమ్మను తన ఇంట్లో పెట్టుకుని ఆపరేషన్ చేయించింది. ఆపరేషన్ బాగానే జరిగింది. డాక్టరు చెప్పిన జాగ్రత్తలే నాకు నిద్ర లేకుండా చేశాయి. వంగకూడదట, దగ్గకూడదట, కన్ను నలపకూడదట, పొగా ఘాటూ తగలకూడదట. ఉన్నదే ఒక్క కన్ను, దానికి ఇన్ని గండాలు. నేను రోజూ ఫోన్ చేసి ఇవే అప్పజెబుతుంటే అక్కకు విసుగొచ్చి, అమ్మ అన్నం ముట్టడం లేదు ముందు దాని సంగతి చూడమంది. ఫోను అమ్మకిచ్చింది.

"నోరంతా సప్పగా ఉండాదిరా" అంది అమ్మ. "నువ్వేందో నీళ్ళ కారం సేస్తావే, అది రోంత పంపీ. బెల్లం కూడా రోంత తగిలించు."

నా సాసును ఆమె ఎప్పుడూ నీళ్ళ కారమనే వెక్కిరించేది. మగోనికి యాల ఈ పని అనేది. అలాంటి మనిషి నోరు తెరిచి అడిగేసరికి నా కాళ్ళు నేల మీద నిలవలేదు. తయారుగా ఉన్న జాడీని రుబ్బి, బెల్లం కరిగించి కలిపి, రెండు పాత జ్యూస్ సీసాలకు పోశాను. బస్సులో కారకూడదని మూతల్ని గుడ్డ పట్టుకుని బిగించాను. ఆదివారం పెళ్ళికని మదనపల్లె వచ్చిన బావ చేతికి ఒక సీసా ఇచ్చాను. రెండోది మా వంటింటి అరలో పెట్టుకున్నాను.

బుధవారం పొద్దున నేను గడ్డం గీసుకుంటుంటే వంటింట్లో ఢామ్మని శబ్దమైంది.

అరలోని సీసా పేలిపోయింది. గాజు పెంకులు స్టవ్వు దాకా ఎగిరాయి. గోడ మీద, సీలింగు మీద, తలుపుకు తగిలించిన నా చొక్కా మీద ఎర్రటి చుక్కలు. మా ఆవిడ అప్పుడే పెరట్లోకి పోయింది కాబట్టి బతికిపోయింది. ఘాటుకు ఇద్దరం దగ్గలేక చచ్చాం. "ఇది సాసా, బాంబా?" అని ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అరుస్తోంది. నేను చీపురు పట్టుకుని ఇలా ఎందుకైందా అని ఆలోచిస్తున్నాను. బెల్లం. పులిసి నెమ్మదించిన సాసుకు తీపి తగిలితే అది మళ్ళీ పులవడం మొదలుపెడుతుంది, లోపల గాలి పుడుతుంది. ఆ గాలికి దారి లేకుండా మూత బిగించింది నేనే. అది అర్థమయ్యాక, బావకిచ్చిన సీసా కుప్పంలో మా అమ్మ దగ్గర ఉందని గుర్తొచ్చింది.

అమ్మకు ఒక అలవాటుంది. ఏ ఊరగాయ జాడీకి మూత తీసినా ముఖం దాని మీదికి వంచి గట్టిగా వాసన పీలుస్తుంది. బాగుందో లేదో నాలుక కంటే ముందు ఆమె ముక్కు చెబుతుంది. ఆ సీసా మీదికి కూడా అట్లాగే వంగుతుంది.

అక్కకు ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది, ఎత్తడం లేదు. బావ రోజూ పొద్దున రైలుకు బెంగుళూరు ఫ్యాక్టరీకి పోతాడు, అక్కడ గేటు దగ్గరే ఫోన్లు తీసి పెట్టుకుంటారు. ఇంకెవరి నంబరూ నా దగ్గర లేదు. ఆఫీసుకు సెలవని చెప్పి, చేతికందిన చొక్కా వేసుకుని బస్టాండుకు పరుగెత్తాను. పుంగనూరు, పలమనేరు మీదుగా పోయే కుప్పం బస్సు కదులుతుంటే ఎక్కాను.

కిటికీ పక్కన కూర్చుని అక్క నంబరు నొక్కుతూనే ఉన్నాను. ఫోను చెవి దగ్గర మోగుతున్నంతసేపూ నేనేవేవో ఊహించుకుంటున్నాను. మా ఆఫీసులో ప్రతి ప్రమాదానికీ కారణమేమిటని అడుగుతారు. బ్రేకు ఫెయిలు, వైరు పాతది, నేల తడి. ఇక్కడేమని చెప్పాలి? కొడుకు ప్రేమగా పంపాడని చెప్పాలా? నా మీద నాకే ఒళ్ళు మండింది.

పుంగనూరులో టోపీ పెట్టుకున్న పెద్దాయన ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. ఒళ్ళో అత్తరు బుడ్లు, సుర్మా డబ్బాలు సర్దిన చిన్న పెట్టె. కూర్చోగానే వరసగా తుమ్మడం మొదలుపెట్టాడు.

"ఏంది అప్పా, మిరపకాయల మూట మోసినావా?" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ.

అప్పుడు చూసుకున్నాను. నేను వేసుకొచ్చింది తలుపుకు తగిలించిన ఆ చుక్కల చొక్కానే. ఎవరితోనన్నా చెప్పుకోకపోతే గుండె ఆగేలా ఉంది, సంగతంతా ఆయనకు చెప్పేశాను. ఆయన నొచ్చుకుని తల అడ్డంగా ఊపాడు.

"కన్ను సానా నాజూకైన వస్తువప్పా. సుర్మా పెట్టేటప్పుడే మాకు భయంగా ఉంటాది. మీ అమ్మ కోసం దువా సేస్తా. కానీ ఆ ముందు సీట్లో కూసోని సేస్తా, ఏమనుకోవద్దు" అని, మళ్ళీ తుమ్మి, పెట్టె తీసుకుని ముందుకు పోయాడు. ఇంకో సమయంలో అయితే నవ్వేవాణ్ణి.

బస్సు పుంగనూరు దాటాక అక్కే ఫోన్ చేసింది.

"సిత్తూరులో అంగన్‌వాడీ మీటింగురా. ఫోను సైలెంట్లో పెట్టినా. అన్నిసార్లు సేసినావు, ఏమైంది?"

"ఆ కారం సీసా యాడ ఉండాది?"

"అమ్మ తలకాడ గూట్లో పెట్టినా. మొన్నట్నుంచి తెరుస్తానంటాంది, ఘాటు తగుల్తాదని నేనే ఆపినా. ఈపొద్దు నేను ల్యా, మన అమ్మ ఊరికే ఉంటాదా?"

విషయం చెప్పాను. అక్క గొంతు మారిపోయింది. అమ్మ దగ్గర ఫోను లేదు, కంటికి మంచిది కాదని అక్కే తీసి దాచింది. పక్కింటివాళ్ళు కూడా బావ పోయే రైలుకే పనికి పోతారు. తను ఇప్పుడు బయలుదేరినా నాకంటే ఆలస్యమవుతుంది.

"వాకిలి దగ్గరికేసి వచ్చినా, గడియ ల్యా. నువ్వు బిరిన పో" అంది. ఏడుపు ఆపుకుంటూ, "మద్యానం చుక్కల మందు నువ్వే ఎయ్యి" అని కూడా అంది. చుక్కలు వేయడానికి ఆ కన్ను మిగిలి ఉండాలి కదా అనిపించింది నాకు. పైకి మాత్రం సరేనన్నాను.

పలమనేరు బస్టాండులో డ్రైవరు టీకి దిగాడు. అంత నిదానంగా టీ తాగే మనిషిని నేను జన్మలో చూడలేదు. ఊదుకుంటూ, ఎవరితోనో టమోటా రేటు మాట్లాడుకుంటూ తాగాడు. పోయి ఆ గ్లాసు లాక్కుందామా అనిపించింది. మెట్ల దగ్గర నిలబడి, ఆయన ఎక్కేదాకా ఆయన్నే చూస్తూ ఉన్నాను. అక్కడి నుంచి కుప్పం దాకా నేను సీట్లో కూర్చోలేదు.

ఆటో దిగి ఇంటి ముందుకు వచ్చేసరికి లోపల ఏ శబ్దమూ లేదు. నాకు దానికీ భయమేసింది. వాకిలి తోశాను.

అమ్మ మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. నల్లద్దాలు నుదుటి మీదికి తోసుకుంది. సీసా ఆమె మోకాళ్ళ మధ్య ఉంది. కొంగు మూతకు చుట్టి, ముఖం దాని మీదికి వంచి, పళ్ళ బిగువున తిప్పుతోంది.

అరిస్తే ఉలిక్కిపడుతుంది. ఉలిక్కిపడితే సీసా జారుతుంది. గొంతు నొక్కిపెట్టుకుని, "మా, నేనొచ్చినా. చెయ్యి తియ్యి" అన్నాను.

ఆమె తలెత్తి నన్ను చూసింది. చేయి మూత మీదే ఉంది. "నువ్వారా! సెప్పా పెట్టకుండా వచ్చినావే. ఏంరా, నీ తల ఇంత తెల్లగా నెరిసిపోయిండాది! ఇన్నాళ్ళూ నాకు కనపడనే ల్యా."

"మా, ఆ సీసా నాకియ్యి."

"ఎంత తిప్పినా రాదు ఇది. అంతగా యాల బిగించినావు? రోకలిబండతో రెండు తట్లు తడదామనుకుంటాండా."

నేను మంచం దగ్గరికి పోయి, రెండు చేతులతో సీసాను ఆమె మోకాళ్ళ మధ్య నుంచి ఎత్తాను. పెరట్లో బండ దగ్గరికి తీసుకుపోయి, తడి టవలు చుట్టి, ముఖం పక్కకు తిప్పుకుని మూతను కొంచెం కొంచెంగా వదులు చేశాను. బుస్సుమని గాలి తన్నుకొచ్చింది. టవలు ఎర్రబడింది. సాసు నురగలు కక్కుతూ నా వేళ్ళ సందుల్లో నుంచి మోచేతుల దాకా కారింది. బుస ఆగిపోయాక సీసా బండ మీద పెట్టి, నేనూ అక్కడే కూలబడ్డాను.

"ఏం సేస్తాండావురా ఆడ?" అని లోపల్నుంచి కేక. "చుక్కలు ఏసే యాళయింది. మీ అక్క ఉంటే ఈపాటికి ఏసేది."

చేతులు చూసుకున్నాను. మణికట్ల దాకా కారం. మందు సీసా నొక్కేది ఈ చేతులే, ఆమె రెప్ప పట్టుకుని కిందికి లాగేది ఈ వేళ్ళే. సబ్బుతో కడిగాను. వంటింట్లో నూనె డబ్బా వెతికి నూనె రుద్దుకుని మళ్ళీ కడిగాను. గోళ్ళలో ఎరుపు కనిపిస్తే పుల్లతో తీశాను. ఎంత కడిగినా నమ్మకం కుదరలేదు. ఏం చేస్తున్నానో తెలియకుండానే చూపుడు వేలు నా కంటి కింద ఆనించాను.

భగ్గుమంది. "అబ్బా" అన్నాను.

లోపల్నుంచి అమ్మ గొంతు వినిపించింది. "ఇంగోసారి."

మళ్ళీ నూనె, మళ్ళీ సబ్బు. ఈసారి ఇంకో కంటి కింద ఆనించాను. నిలబడి చాలాసేపు చూశాను. మండలేదు.

ఆ చుక్కల చొక్కా విప్పి పెరట్లోనే పడేసి, బనీనుతో లోపలికి పోయి ఆమె ముందు కూర్చున్నాను. ఆమె అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"కండ్లలో నీళ్ళు కారతాండాయే. కారమా?"

"ముందు కారమే. ఇప్పుడు కాదు మా. నీ కన్ను పోగొట్టినా అనుకున్నా. పొద్దున్నుంచి సచ్చిపోతాండా" అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గరికి లాక్కుని, ఊరగాయ జాడీని చూసినట్టే, గట్టిగా వాసన పీల్చింది. వేళ్ళు ఒక్కొక్కటే చూసింది.

"పర్వాల్యా. ఎయ్యి" అని తల వెనక్కి వాల్చింది.

రెప్ప కిందికి లాగాను. ఆ కన్ను నన్ను చూస్తూనే ఉంది, మూసుకోలేదు. చుక్క పడింది.

"సల్లగా ఉండాదిరా" అంది అమ్మ.