ఒంటిచేతి కోటు

మా మరదలు ఒక్క కోటుకు మూడు వందల అరవై అయిదు ట్రయళ్లు వేసింది. ప్రపంచంలో ఏ టైలరూ ఇన్ని వేయలేదు, ఇకముందు వేయబోడు.

సరే, ఆదివారాలు కొట్టుకు సెలవు, అవి తీసేయండి. మా ఆవిడ నా భుజం మీదుగా ఇది చదివి "మీ నోటికి హద్దూ పద్దూ లేదా?" అంది కనుక ఇంకొన్ని తీసేయండి. నలభైకి మాత్రం తగ్గవు. చిన్నప్పుడు కాన్వెంటులో అబద్ధమాడితే సిస్టరమ్మ చెక్క స్కేలుతో వేళ్ల మీద కొట్టేది. ఆ వేళ్లతోనే రాస్తున్నాను, నమ్మండి.

మరదలంటే మా ఆవిడ చెల్లెలు. వీధి మొత్తానికి ఆమె టేపమ్మ. మెడలోంచి ఆ టేపు తీయగా ముప్పై ఏళ్లలో నేను చూడలేదు. బస్టాపు ఎదురుగా కొట్టు. రెండు మిషన్లు, సుద్దగీతలతో తెల్లబడిన కత్తిరింపు బల్ల, ట్రయల్ గదికి ఒక పూల తెర, గుమ్మం పక్కన ఒక స్టూలు. స్టూలు మీద నేను. నా ప్యాంటు ఎప్పుడిస్తావంటే "రేపు రా బావా" అంటుంది. ఆ రేపు ఏ క్యాలెండరులోనూ ఉండదు.

ఆమె ఆస్తి అంతా ఒక కొలతల పుస్తకం. మనిషికో పేజీ. వచ్చినప్పుడల్లా ఛాతీ, నడుము, చెయ్యి, పక్కన తేదీ. ఆ పుస్తకంలో ఒక పేజీ మూల మడిచి ఉంటుంది. అది పోస్టాఫీసు గుమాస్తాది. ఒక ఏడాది ఆయన ప్యాంట్లు నడుము దగ్గర బిగించమని తెచ్చాడు. బిగించింది. రెండు నెలలకు మళ్లీ తెచ్చాడు. మళ్లీ బిగించి, "సన్నబడ్డారు, బాగున్నారు" అని కూడా అంది. మూడోసారి ఆయన రాలేదు. తన ప్రాణం తానే తీసుకున్నాడన్న కబురు వచ్చింది.

ఆ రోజు టేపమ్మ మిషను తొక్కలేదు. "కుట్టు ఎంత బాగా కుదిరిందో చూసుకున్నాను బావా. మనిషి మొహం చూళ్లేదు," అంది.

ఆ వారమే పెద్దాసుపత్రికి వెళ్లి, మానసిక వైద్యం చేసే డాక్టరమ్మ గది ముందు రోగులతో పాటు వరసలో కూర్చుంది. ఎలా అడగాలో నేర్చుకుని వచ్చింది. అప్పటినుంచి ఎవరి నడుము రెండంగుళాలు తగ్గినా, "నిద్ర పడుతోందా? తినాలనిపిస్తోందా?" అని మొదలుపెట్టేది. కష్టపడి పొట్ట తగ్గించుకున్న బ్యాంకు మేనేజరమ్మ, మెచ్చుకోకుండా జాలి చూపించిందని అలిగి, మూడు నెలలు వేరే టైలరు దగ్గరికి వెళ్లింది.

ఇక లెక్కల మాస్టారు. టేపమ్మకు బళ్లో లెక్కలు చెప్పినాయన, ఒక పరీక్షలో నూటికి పదకొండు వేసినాయన కూడా. ఒంటరి మనిషి. రిటైరయ్యాక మాట తగ్గింది, నవ్వు తగ్గింది, పుస్తకంలో నడుము ముప్పై ఎనిమిది నుంచి ముప్పై అయిదుకు దిగింది. టేపమ్మ అడిగినప్పుడల్లా "వయసు కదమ్మా" అని దాటేసేవాడు. ఒకరోజు పొద్దున్నే తన బట్టలన్నీ మూటగట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు. పైన గోధుమరంగు కోటు.

"ఎవరికి సరిపోతే వాళ్లకు కుట్టి ఇచ్చెయ్యమ్మా. నాకిక వీటితో పనిలేదు."

టేపమ్మ మిషను ఆపింది. "బావా, వెళ్లి టీ పట్రా."

"ఫ్లాస్కు నిండా ఉందిగా?"

"వెళ్లమన్నానా!"

నేను వెళ్లాను. పూల తెర వెనక్కి. మీరైనా అదే చేసేవారు.

ఆమె ఆయనకు కొలత తీసింది. ముప్పై మూడు. టేపు చుట్టకుండా అలాగే పట్టుకుని అడిగింది. "మాస్టారూ, చచ్చిపోవాలని అనిపిస్తోందా?"

బయట బస్సు ఒకటి ఆగి వెళ్లిపోయింది. తర్వాత మాస్టారి గొంతు, నేనెప్పుడూ విననంత చిన్నగా. "లెక్కలు రాకపోయినా ప్రశ్న సూటిగా అడిగావే. అనిపిస్తోంది."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు, బతుకు ఎంత గొప్పదో చెప్పలేదు. పక్కన కూర్చుని ఆయన చెప్పినంతా వింది. ఇంట్లో ఏమైనా సిద్ధం చేసుకున్నారా అని అదీ అడిగింది, ఉందన్నాడు. ఆయన చెల్లెలికి ఫోన్ చేసి అది ఇంట్లోంచి తీయించింది, ఆ రాత్రి నుంచి అన్నయ్య దగ్గరే ఉండమంది. కొట్టు మూసి, ఆయన్ని వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరింది. బయల్దేరే ముందు ఇంకో పని చేసింది. ఆయన చూస్తుండగానే కోటు రెండు చేతులూ కుట్లు విప్పేసింది.

"ఏమిటే ఇది?"

"సగం కోటు ఎవరికిస్తాం మాస్టారూ? మీ కొలతకే మళ్లీ కుడతాను. రేపు పదింటికి ట్రయల్‌కి రండి."

మర్నాడు వచ్చాడు. కచ్చా కుట్లతో ఒక చెయ్యి తగిలించి ఉంది, ఆ చెయ్యి అంగుళం పొట్టి. "రేపు రండి, సరిచేస్తా," అంది. ఆ మర్నాడు అంగుళంన్నర పొడుగు. మందులు వాడుతున్నాడు, డాక్టరమ్మను వారం వారం కలుస్తున్నాడు, అయినా కొన్ని రోజులు మంచం దిగడమే గండం. అలాంటి రోజున పది దాటితే టేపమ్మ చేతిలో టేపుతో ఆయన గుమ్మం ముందు నిలబడేది. పద్దెనిమిదో ట్రయల్లో కాలరు వంకర. మాస్టారికి మొదటిసారి కోపం వచ్చింది.

"నీకు పదకొండు ఎక్కువే వేశానే! ఇరవై మూడున్నరలో సగమెంత?"

"పదమూడా మాస్టారూ?"

"ఇలా ఇయ్యి ఆ సుద్దముక్క!"

బల్ల మీదే గీసి చెప్పాడు. కేకలు బస్టాపు దాకా వినిపించాయి. ఆమె తల వంచుకుని తిట్లన్నీ తిన్నది. ఆ మొహంలో అంత సంతోషం నేను తన పెళ్లిలో కూడా చూడలేదు.

ముప్పయ్యో ట్రయలు అయ్యాక టైలర్ల సంఘం సమావేశం వచ్చింది. టేపమ్మ మైకు అందుకుని, కొలత తగ్గినప్పుడు ఎందుకని అడగండని మొదలుపెట్టింది. అధ్యక్షుడు ఇబ్బందిగా కదిలాడు.

"అమ్మా, మనకెందుకివి? అడిగితే లేని ఆలోచన మనమే పుట్టించినట్టు కాదా?"

"అలా పుట్టదని డాక్టరమ్మ చెప్పింది అన్నా. అడక్కపోతే ఏమవుతుందో ఇందులో ఉంది." మడిచిన పేజీ విప్పి చూపింది. "రెండుసార్లు బిగించాను. ఒక్కసారి అడగలేదు."

అప్పుడు, ఆమె వెంట వచ్చి వెనక వరసలో కూర్చున్న మాస్టారు లేచాడు. ఒంటి మీద గోధుమరంగు కోటు, దానికి ఒకటే చెయ్యి.

"ఈమె టైలరింగు ఎంత నాసిరకమో మీరే చూడండి," అన్నాడు. "కానీ నన్ను అడిగింది. అందుకే నిలబడి తిట్టగలుగుతున్నాను."

ఇప్పుడు మా ఊళ్లో ఏ ప్యాంటు జేబు లోపల చూసినా చిన్న గుడ్డముక్క మీద సహాయం చేసే ఫోన్ నంబరు కుట్టి ఉంటుంది. దాని కింద రెండు మాటలు: రేపు రండి.

ఆ సమావేశం అయిన కొన్ని నెలలకు ఒకరోజు మాస్టారు తనంతట తానే వచ్చాడు. "వచ్చే నెల ఇరవయ్యో తేదీకి కోటు పూర్తిగా కావాలే. చెల్లెలి మనవరాలు స్టేజీ ఎక్కుతోంది. ముందు వరసలో కూర్చోవాలి."

ఆరు నెలలుగా రేపటికి మించి మాట్లాడని మనిషి. టేపమ్మ సరేనని పూల తెర వెనక్కి వెళ్లింది. చాలాసేపటికి బయటికొచ్చి, కళ్లలో దూది పీచు పడిందంది. ఆ సాయంత్రమే రెండో చెయ్యి కుట్టేసింది.

ఇదంతా రాసి నిన్న కొట్టులో చదివి వినిపించాను. మాస్టారు ఆ కోటే వేసుకుని నా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. టేపమ్మ పళ్ల మధ్య గుండుసూదులు పెట్టుకుని చివరిదాకా వింది. తర్వాత ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది.

"ఒక్క ముక్క నిజం లేదు బావా. చెప్పిన రోజుకి బట్టలివ్వకపోవడమన్నది నా చరిత్రలోనే లేదు."