మా బావని తన్నని కాలు

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. అలా పుట్టినవాళ్లు ఎడమకాలితో తంతే నడుము పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. ఎలమంచిలి దగ్గర మా ఊళ్లో నేను పుట్టినప్పుడు పక్కనే ఉన్న మా మేనత్త ఆ సంగతి ఊరంతా చాటేసింది. ఊహ తెలిసేసరికే పెద్దపెద్దవాళ్లు వచ్చి నా ముందు వీపు తిప్పి నిలబడేవారు. తరవాత ఆ అత్తకే కోడలినై విశాఖపట్నంలో రేవు కనిపించే కొండవాలు ఇంటికి కాపురానికొస్తే, నాకంటే ముందే నా కాలి పేరు అక్కడికి చేరిపోయింది. కుళాయి దగ్గర బిందెలతో పాటు మా గుమ్మంలో నడుములూ వరస కట్టేవి.

అలాంటి ఇంట్లో నా మొగుడికే, మా బావకే నడుము పడిపోయింది. ఆయన రేవులో క్రేను డ్రైవరు. ఒకరోజు నీళ్ల బిందె ఎత్తబోయి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. నొప్పి పిర్ర మీదుగా పాదం దాకా పాకేది. వెన్నుపూసల మధ్య డిస్కు ఉబ్బి నరాన్ని నొక్కుతోందన్నారు డాక్టరుగారు. ఎనభైల్లో నడుముకి ఆపరేషనంటే ఇక మంచమే గతి అని అందరికీ హడలు. ఈ డాక్టరుగారు మాత్రం కోత లేకుండా, సన్నటి సూదితో డిస్కులోకే మందు ఎక్కించారు. బొప్పాయి పాల నుంచి తీసిన మందట, ఆ ఉబ్బుని కరిగిస్తుందట.

"మేకమాంసం ఉడక్కపోతే ఏసీదీ అదే గదేటి! దానికి ఆస్పత్రెందుకు?" అంది అత్త.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు నాకు గట్టిగా చెప్పారు. "నడుము మీద దెబ్బ తగలకూడదు. మాలీసులూ వద్దు, తన్నించుకోవడాలూ వద్దు. రోజూ మెల్లగా నడిపించండి." తన్నించుకోవడం అన్నప్పుడు నా కాళ్ల వైపు చూశారు. ఆ మహానుభావుడికి ఎవరు చెప్పారో!

నా భుజం మీద చెయ్యేసుకుని బావ నడవడం మొదలుపెట్టాడు. మొదట్లో గుమ్మం నుంచి పక్కింటి అరుగు దాకా. తరవాత వాలు దిగి టీకొట్టు దాకా. మొద్దుబారిన బొటనవేలు ఒకరోజు కాస్త పైకి లేస్తే, ఇద్దరం దాన్ని పసిబిడ్డని చూసినట్టు చూశాం.

ఇంతలో పని దగ్గర్నుంచి కబురొచ్చింది. నిచ్చెన ఎక్కి క్యాబిన్లో కూర్చోగలిగితే క్రేను, లేకపోతే గేటు దగ్గర కుర్చీ. బావ మొహం మాడిపోయింది.

"అంతెత్తు మీంచి సముద్రం సూసినోడ్ని, గేటుకాడ లారీలు సూసుకోమంటారేటి?" అని, ఆ మధ్యాహ్నం చాప మీద బోర్లా పడుకున్నాడు. "ఒక్క తాపు తన్నీయే. ఎవులికీ సెప్పను."

"మొగుణ్ణి తంతే పాపమేనే. ఆ పాపం నా నెత్తినేసుకుంటాను," అంది అత్త. "ఊరోల్లందర్నీ తన్నినావు, ఈడికి పనికిరావేటి? పెరటిచెట్టు మందుకి పనికిరాదనీది ఇందుకే."

నిజం చెప్పొద్దూ, కాపురానికొచ్చినప్పటి నుంచీ ఆయన్ని తన్నాలని నాకు చాలాసార్లు అనిపించింది. కూర మాడిందని అలిగి లేచిపోయినప్పుడూ, చెప్పాపెట్టకుండా స్నేహితుల్ని భోజనానికి పట్టుకొచ్చినప్పుడూ. తీరా ఆయనే వీపు తిప్పి పడుకుంటే కాలు లేవలేదు. భయం వేసింది. ఇన్నాళ్లూ నేను తన్నినవాళ్లకి తగ్గితే నా గొప్ప, తగ్గకపోతే వాళ్ల ఖర్మ. ఈ నడుము మాత్రం నాది.

"తన్నను. లే బావా, నడుద్దాం," అన్నాను.

తల్లీకొడుకులిద్దరూ నాతో మాటలు మానేశారు. నడక మాత్రం మానలేదు. మూతి ముడుచుకునే నా భుజం మీద చెయ్యేసేవాడు. పోనుపోను ఆ చేతి బరువు తగ్గింది, ఒకరోజు చెయ్యి తీసేశాడు. అయినా మాట్లాడలేదు, మొండిఘటం.

నిచ్చెన ఎక్కి చూపించాల్సిన రోజు గుమ్మం దిగుతూ మాత్రం నోరు విప్పాడు. "ఎక్కగలిగితే క్రేను సెయ్యి పైకెత్తుతాను. సూడు."

అత్తా నేనూ ఇంటి ముందు గోడ దగ్గర నిలబడ్డాం. కింద రేవులో మిగతా క్రేనులన్నీ కదులుతున్నాయి, ఆయనది కదలట్లేదు. ఎండ ఎక్కింది. ఆ రోజు తన్నినా బాగుండేదేమో అని మొదటిసారి అనిపించింది. ఏదో అనబోయి అత్త వైపు తిరిగితే, ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుని ఉంది.

అప్పుడు లేచింది క్రేను చెయ్యి. మెల్లగా, బావ నడిచినట్టే, ఆగి ఆగి, పూర్తిగా పైకి లేచి నిలబడింది.

"అత్తా, కళ్లు తెరువు!" అని అరిచాను.

ఇద్దరం ఏడ్చాం. ఏడుపయ్యాక అత్త కొంగుతో మొహం తుడుచుకుని, నెమ్మదిగా వెనక్కి తిరిగి గోడ పట్టుకుంది.

"ఇంతసేపు నిలబడీసరికి నా నడుం పట్టీసిందే. ఓ తాపు తన్నీ."

అత్త తానే అడిగి తన్నించుకునే యోగం ఏ కోడలికి దొరుకుతుంది? చీర కాస్త పైకి దోపుకుని, కొడుకుని తన్నని ఆ కాలిని భద్రంగా తల్లి నడుముకి ఆనించాను.

"ఇదేటి తన్నే?" అంది అత్త నవ్వుతూ. "గట్టిగా తన్నూ!"