పొడుగు చేతులా, పొట్టి చేతులా

ఎండ నడినెత్తికొచ్చి గిరాకీ పలచబడగానే దర్జీ కుట్టుమిషను ముందు నుంచి లేచి, మెడలో టేపు అలాగే వేలాడుతుండగా, కూతురు ఇచ్చిన నవల తెరుస్తాడు. పెదాలు కదుపుతూ చదువుతాడు. పేజీ తిప్పే ముందు బొటనవేలు నాలుకకు తాకిస్తాడు. భూమి వేడెక్కి యాభై ఏళ్ల తర్వాత మనుషులు ఏమవుతారో ఊహించి రాసిన కథ అది. మొదటి సగంలో ఊరు ఎండకు మాడిపోయింది, రెండో సగంలో సముద్రం వచ్చి ముంచేసింది. దేనికి భయపడాలో తేలక ఆయన తల గోక్కుంటాడు.

నిన్న కూతురు కొట్టుకు వచ్చి, "నాన్నా, నువ్వు తాతయ్యవి కాబోతున్నావు" అంది. ఆయన ముఖం వెలిగిపోయింది. అంతలోనే, "అయితే మన బిడ్డకి అప్పటికి యాభై నిండుతాయన్నమాట" అన్నాడు.

"అయ్యో, అది కథ నాన్నా! ఎవరో ఊహించి రాసింది."

"ఊహే అనుకో. ఊహించినవాడికీ పిల్లలుంటారు కదమ్మా?"

కూతురు పొట్ట మీద చెయ్యి వేసుకుంది. ఆమె మనసు నొప్పించానేమోనని దర్జీ కంగారుపడి, అరలోంచి మెత్తని నూలుబట్ట తీసి, పుట్టబోయే బిడ్డ చొక్కా కోసం బల్ల మీద పరిచాడు. సుద్దముక్కతో మెడ గీశాడు, భుజాలు గీశాడు. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

"నాకేం పాలుపోవడం లేదు తల్లీ. ఎండెక్కువంటావా, చలెక్కువంటావా? చేతులు పొడుగు పెట్టనా, పొట్టి పెట్టనా?"

ఆమెకు నవ్వొచ్చింది, కళ్లూ చెమర్చాయి. "పొట్టివే పెట్టు నాన్నా. ఈ ఏటికి సరిపోతే చాలు. వచ్చే ఏడు మళ్లీ కుడుదువుగాని."

ఆయన సరేనని తలాడించి, చేతులు కాస్త పొడుగ్గానే కత్తిరించాడు.