మా ఇంటల్లుడి రాజాధికారం

అక్కాబావలు సింగపూర్ వచ్చినప్పుడు, చోవా చూ కాంగ్‌లోని మా ఫ్లాట్‌లోకి మనుషుల కంటే ముందు బావగారి పెట్టెలు వచ్చాయి. తువాస్ రేవులో దిగాల్సిన సరుకు పొరపాటున మా లిఫ్టు ఎక్కిందనుకున్నాను. ఇంటల్లుడు వస్తే మంచి గది ఆయనదే. తాతల నాటి ఆచారం. అందుకని ఏసీ బాగా పనిచేసే మా అమ్మాయి గది ఆయనకిచ్చేశానని ప్రకటించాను.

అమ్మాయి లా చదువుతోంది. సోమవారం పరీక్ష, ఇంగ్లండ్ రాజుల విశేషాధికారాల మీద. గదిలో పరిచిన పుస్తకాలు పేరిస్తే మా పన్నెండో అంతస్తు నుంచి కిందికి మెట్లు కట్టుకోవచ్చు.

"కెనాట్ లా, నాన్నా" అంది అచ్చం సింగపూర్ యాసలో. "గది పోతే నా ఎగ్జామ్ పోతుంది."

"అది అల్లుడి హక్కమ్మా."

"ఇంగ్లండ్‌లో రాజు బయల్దేరితే దారిలో జనం బళ్లూ ధాన్యమూ ఆయన మనుషులు తమకు తోచిన ధరకు పట్టుకుపోయేవాళ్లు. తుపాకిమందుకు కావలసిన సురేకారం కోసం ఇళ్లల్లో నేల కూడా తవ్వేవాళ్లు. అవన్నీ పాత హక్కులు. కొత్తది కల్పించుకోబోతే మాత్రం జడ్జీలు కుదరదన్నారు. చట్టం ఒప్పుకున్నంతే రాజు పవర్."

బావగారు కాఫీ గ్లాసు దించారు. "ఏం కోడలా, మరి అల్లుడికిచ్చే ఈ మొదటి కాఫీ?"

"అది పాత హక్కే మావయ్యా. ఉంచుకోండి."

"పెద్ద కుర్చీ?"

"అదీ మీదే."

"మరి గదేం పాపం చేసిందే?"

"గది కూడా పాత హక్కేనని చెప్పే సాక్షి ఉన్నారా?"

ఆయన ధీమాగా అక్క వైపు చూశారు. పెళ్లయిన నాటి నుంచీ ఆయన మాటకు తలూపి తలూపి మెడ అరిగిపోయిన మనిషి. కేసు గెలిచేశామనుకున్నాను.

"మా పుట్టింట్లో మీకు గదెక్కడిదండీ" అంది అక్క, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. "పెళ్లయిన కొత్తలోనే, వీడి టెన్త్ పరీక్షలని నాన్న మిమ్మల్ని హాల్లోకి పంపేశారు. దిండు చంకన పెట్టుకుని బుద్ధిగా వెళ్లారు."

మా నాన్న, కొత్తల్లుణ్ణి, నా కోసం. నిలబడ్డచోటే కూలబడ్డాను, అదీ ఆ పెట్టెల మీదే.

బావగారు నా వైపు వేలు చూపించారు. "ఆ చదువు చదివి వీడు పాసయ్యింది థర్డ్ క్లాసులో" అన్నారు. "నువ్వు ఫస్టు రావాలి కోడలా." దిండు తీసుకుని హాల్లోకి నడిచారు.

అమ్మాయి లోపలి నుంచి గడియ పెట్టుకుంది.