ఓలిగ వద్దన్న అమ్మాయి

ఆలూరు నుంచి కర్నూలు పోయే బస్సులో, బెల్లం ఓలిగలు (బొబ్బట్లు) తింటూ ముందు సీటు అమ్మాయికి ఒకటి ఇవ్వబోయాను.

"వద్దన్నా, మూడో నెల. షుగర్ పరీక్షకు పరగడుపున పోతాండా. మా నాయనకు షుగర్ ఉండాదని, ఇప్పుడే చూడాలన్నారు."

"మా తాత గంగాళం బెల్లంపాకం తాగి, కొండారెడ్డి బురుజును మోకాళ్ల మీద ఎక్కినాడమ్మా. షుగరే మాకు భయపడతాది!"

ఆమె పకపకా నవ్వి, నా జేబులోంచి తొంగిచూస్తున్న మాత్రల అట్టను చూపించింది. "ఇవి మీ తాతవా అన్నా? మా నాయనా ఇవే మింగుతాడు."

దొరికిపోయాను. నా కూతురికీ రెండో నెలే. ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా అని నర్సమ్మ అడిగితే, నా బిడ్డకూ ఈ కతే చెప్పి, ఆమెతో లేదనిపించాను.

బస్సు దిగగానే ఫోన్ చేశాను. "నాకు షుగర్ ఉండాదని నర్సమ్మకు చెప్పు తల్లీ."

"నిజమా నాయనా, ఇదీ కతేనా?"

నమ్మించడానికి మూడు ఒట్లు పెట్టాల్సి వచ్చింది. బురుజు కతకు ఒక్కటీ అడగలేదు.