గుప్పెట్లో ముద్దకట్టిన ఊక

మా చిన్నప్పుడు... బడికి వెళ్లేముందు నా పని కోళ్లగూట్లో చెయ్యి పెట్టడం! అడుగు నుంచి గుప్పెడు ఊక తీసి, గట్టిగా పిసికి వదలాలి. పొడిపొడిగా రాలిందా, ఆ పూటకి సెలవు. ముద్దకట్టిందా... మొత్తం తట్టకెత్తి కొబ్బరిచెట్ల మొదట్లో పోసి, కొత్త ఊక పరిచి, పైన పొయ్యిలో బూడిద చల్లాలి.

ఈ పరీక్ష మా మేనత్త పెట్టింది. మొగుడు పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. నోట్లో నాలుక లేదు. ఆ ఇంట్లో తనవి అని చెప్పుకోవడానికి ఉన్నవి ఏడు పెట్టలు, ఒక పుంజు, కొన్ని పిల్లలు... అంతే.

కోళ్ల దగ్గర మాత్రం ఆవిడకి గొంతు లేచేది. "కొబ్బరిపొట్టు ఎండల్లో మంచిదే గానీ వానల్లో వద్దే. తాగిన నీళ్లు వదలదు. ముసురులో ఊకే వెయ్యాలి. పైన చూసి మోసపోకు... పైన పటారం, లోన లొటారం. అడుగు చూడు!"

ఇంటిపెద్ద మా పెదనాన్నగారు. ఆయన గది కిటికీ సరిగ్గా గూటివైపే. ఓ ఆషాఢంలో తేల్చి చెప్పేశారు.

"ఇదిగో అమ్మాయ్, ఇంకోసారి కంపు నా ముక్కుకి తగిలిందంటే గూడూ ఉండదు, కోళ్లూ ఉండవు."

"ఆయ్... రానివ్వనన్నయ్యా" అంది అత్త.

ఆ వారంలోనే రాజోలులో అత్త వాళ్ల ఆడపడుచు కాలు విరిగితే సాయానికి వెళ్లాల్సి వచ్చింది. పది రోజులు. వెళ్తూ నా గడ్డం పట్టుకుంది. "నా కోళ్లని నీ చేతుల్లో పెట్టి వెళ్తన్నానే తల్లీ. రోజూ అడుగు చూడు, మర్చిపోకే."

"సరే అత్తా" అన్నాను.

రెండు రోజులు బుద్ధిగా చూశాను. మూడో రోజు ముసురు పట్టింది. ఊక ముద్దకట్టింది. తడి రెట్ట, ఈగలు... ఛీ! పదేళ్లదాన్ని, మహా తెలివి కదా... తడి ఊక తియ్యకుండా దాని మీదే రెండు చేటల పొడి ఊక చల్లేశాను. ఎంత శుభ్రంగా కనిపించిందో! కంపు కూడా తగ్గింది. ఇంత సులువైన పనికి అత్త అంత ఒళ్లు హూనం చేసుకుంటుందేంటా అని నవ్వుకున్నాను కూడా. ఇక రోజూ అదే... పైన రెండు చేటలు.

పదో రోజు పొద్దున గూడు తలుపు తీస్తే ఘాటుకి కళ్లు మండిపోయాయి. కోడిపిల్లలు నాలుగు చచ్చి పడున్నాయి. కంపు కిటికీ దాకా వెళ్లిపోయింది.

అత్త బస్సు దిగి వచ్చేసరికి పెదనాన్నగారు గూటి దగ్గరే నిలబడి ఉన్నారు. అత్త సంచీ కింద పెట్టి, గూట్లోకి చెయ్యి పెట్టి, గుప్పెట బిగించి తెరిచింది. నల్లటి ముద్ద. దాని మీద అంటుకుని నేను చల్లిన పొడి ఊక. ఒక్కసారి నావైపు చూసింది. నేను తల దించుకున్నాను.

"నాదే తప్పన్నయ్యా" అంది. "అడుగు మార్చకుండా వెళ్లిపోయేను."

సాయంత్రానికి గూడు విరిచేసి పొయ్యిలోకి వేశారు. పెట్టల కాళ్లు కట్టి పంచిపెట్టేశారు. కట్టింది అత్తే. పుంజుని మాత్రం ఉంచి, మర్నాడు కూర వండించారు. అత్త వడ్డించింది, ముట్టలేదు. నేను తిన్నాను... సిగ్గు లేకుండా, రెండోసారి అడిగి మరీ తిన్నాను.

ఆ తర్వాత అత్త మళ్లీ కోడిని పెంచలేదు. నన్నొక్క మాటా అడగలేదు. చెప్పేద్దామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో... తెలిసిన మనిషికి కొత్తగా చెప్పేదేముందిలే అని సర్దిచెప్పుకున్నాను. పిరికిదాన్ని. నిరుడు అత్త పోయింది.

ఇప్పుడు అమలాపురంలో మా పెరట్లో నాలుగు పెట్టలున్నాయి. రంపపు పొట్టు సంచుల్లో దొరుకుతోంది. కంపు పోవడానికి చల్లే పొడి ఇంటికే వస్తోంది. అరిచే పెదనాన్నలూ లేరు. అయినా పొద్దున్నే అడుగుకి చెయ్యి పెట్టి పిసికి చూస్తాను. పొడిపొడిగా రాలుతుంది... ఏం లాభం, చూపించడానికి అత్త లేదు.

మీ తప్పు తన నెత్తిన వేసుకున్న మనిషి మీ ఇంట్లోనూ ఒకరు ఉండే ఉంటారు. ఆ కథ ఇక్కడ కామెంట్లలో తర్వాత రాద్దురుగాని... వాళ్లు బతికుంటే, ముందు లేచి వెళ్లి వాళ్లకి చెప్పండి.