అక్క మోసిన దూరం

మామయ్య పోయాక మా ఇంట్లో ఏమేం పోయాయో లెక్క వేశాను. వారానికి రెండు ఫోన్లు, అంటే ఏడాదికి నూటనాలుగు. ఏ దేశం వెళ్ళినా అక్కడి నుంచి పంపే బొమ్మకార్డు. ఇరవై రెండు వచ్చాయి, ఇక రావు. ఏ సర్కారు కాగితం వచ్చినా బెదరకుండా చదివి చెప్పే మనిషి ఒకరు. అమ్మను ‘అక్కా’ అని పిలిచే గొంతు ఒకటి. ఆమెకు తోడబుట్టినవాడు ఆయనొక్కడే కాబట్టి ఇక్కడ మిగిలింది సున్నా.

మామయ్య సైన్యంలో లాయరు. సిపాయిల మీద వచ్చిన కేసుల్లో, సైనిక కోర్టులో వాదించేవారు. ఏ ఊరికి బదిలీ అయినా అత్తనూ ఇద్దరు కూతుళ్ళనూ వెంట తీసుకెళ్ళారు. రిటైరై విశాఖలో స్థిరపడ్డాక దేశాలు తిరగడం మొదలుపెట్టారు. ఒంటరిగా ఒక్కసారీ వెళ్ళలేదు. అత్త, కూతుళ్ళు, అల్లుళ్ళు, చివరికి ఒక వియ్యంకుడు కూడా వంతులవారీగా వెళ్ళొచ్చారు. అమ్మ మాత్రం తన వంతు వచ్చినప్పుడల్లా ఏదో పని చెప్పి తప్పించుకునేది.

ఒక ఆదివారం చోడవరంలో మా ఇంట్లో భోజనాలయ్యాక ఆయన అమ్మను విచారణకు కూర్చోబెట్టారు.

“అక్కా, నన్ను బడికి ఎత్తుకెళ్ళీదానివి కదా. ఎన్నేళ్ళు?”

“రెండేళ్ళు. ఏటిప్పుడు?”

“రానూ పోనూనా?”

“ఎల్లీటప్పుడే. వచ్చీటప్పుడు నీకు కాళ్ళొచ్చీసీవి. పరిగెట్టీవోడివి.”

అప్పుడు ఆయనకు ఐదేళ్ళు, అమ్మకు పదకొండు. మామయ్య నవ్వుతూ నా వైపు తిరిగారు. “ఒరే అల్లుడూ, సాక్షి ఒప్పుకుంది. అక్కకి నా బాకీ ఎన్ని కిలోమీటర్లో లెక్క కట్టు.”

నేను పదో తరగతితో చదువు ఆపి, చెరకు కాటాల దగ్గర నిలబడి లెక్కలు నేర్చుకున్నవాణ్ని. బడి కిలోమీటరున్నర. ఏడాదికి రెండువందల రోజులు వేశాను. జ్వరాలొచ్చి మానేసినవి తియ్యమంది అమ్మ. రెండేళ్ళకూ కలిపి ఇరవై తీశాను. మూడువందల ఎనభై రోజులు, ఐదువందల డెబ్బై కిలోమీటర్లు.

“ఓస్, అంతేనా! ఇమానం ఎక్కిస్తే ఒక్క పూటలో చెల్లు,” అన్నారు మామయ్య.

“ఇమానం మోస్తే నువ్వు మోసినట్టేటిరా? నా సెయ్యట్టుకుని నువ్వు నడిపించిందే లెక్క,” అంది అమ్మ.

“ఆ పాయింటు చెల్లుతాది,” అని ఆయన ఒప్పుకున్నారు.

అలా అమ్మ సింగపూరు వెళ్ళింది. రోజూ సాయంత్రం ఆయన తన ఫోనులో చూసి, ఎంత నడిచారో నాకు పంపేవారు. నాలుగు, ఆరు, ఐదు, ఏడు, మూడు, ఆరు. మొత్తం ముప్పై ఒకటి. అమ్మ వాచిన పాదాలతో తిరిగొచ్చి, “రోడ్డు దాటినప్పుడల్లా సెయ్యి నలిపీసేడు,” అని వీధి వీధంతా చెప్పుకుంది.

తర్వాత జపాను వెళదామన్నారు, జనవరిలో. అది మాకు చెరకు నరికే కాలం. పద్దెనిమిది మంది కూలీలకు అమ్మే వండాలి. జూన్లో అయితే పనీ ఉండదు, టికెట్టూ తగ్గుతుందని నేను చెప్పాను.

“అందాకా అక్క మోకాళ్ళు ఆగుతాయేట్రా?” అని అడిగారు.

ఆగుతాయన్నాను.

“నువ్వు లెక్కేసేవంటే సరే.”

మార్చిలో ఒక మధ్యాహ్నం, భోంచేసి కుర్చీలో కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు. నేను అమ్మ మోకాళ్ళను లెక్కలోకి తీసుకున్నాను, ఆయన గుండెను తీసుకోలేదు. కూలీలకు పది రోజులు బయట వండించి ఉంటే సరిపోయేది. ఆ లెక్క అప్పుడు వెయ్యలేదు.

జపాను నేను తీసుకెళతాననీ, ఆ నడక మామయ్య పద్దులో వేసేద్దామనీ మొన్న అమ్మతో అన్నాను. ఆమె బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

“నిన్ను నేను ఎత్తుకెళ్ళలేదు కదరా, రిక్షాలో పంపించేను. ఆడి బాకీలో నీకేటి పని?”

నాకు పని లేదు. ముప్పై ఒకటి పోగా, ఇవాళ్టికి ఐదువందల ముప్పై తొమ్మిది కిలోమీటర్లు.